ఇంటికి వచ్చిన పాఠశాల

ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క వ్రాయుట ముగియకముందే జవాబు చెప్పి, మిగిలిన ముప్పావు గంట కిటికీవైపు చూచుచు కూర్చుండు పిల్లవానిని మీరు చూచియే యుందురు. అట్టివానికి బడిలో కష్టమేమున్నదని మనమనుకొందుము. మార్కులన్నియు వానివే, మెప్పులన్నియు వానివే. అయినను వాడు ప్రతిదినమును తెలిసిన విషయమునే వినుచు గంటల కొలది గడుపవలసి వచ్చుచున్నది. పాఠము బోధపడక బాధపడు బాలుని ఎల్లరును గుర్తింతురు. తెలిసినదానినే మరల మరల వినలేక విసిగిపోవు బాలుని బాధను గుర్తించువారు తక్కువ. కొన్నాళ్లకు వాడు అల్లరివాడైనను కావచ్చును, సోమరియైనను కావచ్చును. ఏ శ్రమయు లేకుండ మెప్పు పొందుటకు అలవాటుపడిన పిల్లవాడు నిజముగా కఠినమైన లెక్క ఎదురైన దినమున బెదరిపోవుటయు కలదు.

ఇట్టి పిల్లల కొరకు ఏమి చేయవలెనను ప్రశ్నను అమెరికా దేశమున కొందరు విద్వాంసులు ఏబది యేండ్లకు పూర్వమే చేపట్టిరి. నేడు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ప్రతిభావంతులకు అంతర్జాలము ద్వారా నడుపబడుచున్న పాఠక్రమములు ఆ ప్రయత్నమునుండి పుట్టినవే. వాని కథ ఒక బాలునితో ఆరంభమైనది.

1968వ సంవత్సరపు వేసవికాలము. బాల్టిమోరు నగరమునందలి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో కంప్యూటరు శాస్త్రమున ఒక తరగతి నడుచుచుండెను. ఆ దినములలో కంప్యూటరనగా ఒక గదిని నింపునంతటి యంత్రము. దానిని ముట్టుకొను అవకాశము పెద్దలలోనే బహు కొద్దిమందికి ఉండెడిది. ఆ తరగతిలో జోసెఫ్ బేట్స్ అను పండ్రెండేండ్ల బాలుడు చేరియుండెను. తన బడిలోని గణితము వానికి ఏనాడో చాలకపోగా తల్లిదండ్రులు వానినిక్కడ చేర్చిరి. ఇక్కడను అదియే అయ్యెను. తన పాఠము ముగించుకొని ఆ బాలుడు ఫోర్ట్రాన్ అను కంప్యూటరు భాషను తోటివారికి బోధింపసాగెను. ఆ తోటివారు పట్టము పొంది పైచదువులు చదువుచున్న పెద్దలు! ఈ వింతను చూచిన అధ్యాపకురాలు ఏమి చేయుటకును తోచక, బాలుని వృత్తాంతమును అదే విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్ర ఆచార్యుడగు జూలియన్ స్టాన్లీకి తెలియజేసెను.

స్టాన్లీ 1918లో జార్జియా రాష్ట్రమున జన్మించెను. కొంతకాలము ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. పరీక్షలను ఎట్లు కూర్పవలెను, వాని ఫలితములను ఎంతవరకు నమ్మవలెను అను శాస్త్రములో ఆయన ఆరితేరినవాడు. ఆయన బేట్స్‌కు పలు పరీక్షలు పెట్టెను. అందులో కళాశాలలో చేరగోరు పదునేడేండ్ల యువకులు వ్రాయు శాట్ అను ప్రవేశపరీక్షయు ఒకటి. బాలునికి వచ్చిన మార్కులు ఆ విశ్వవిద్యాలయమున చేరుటకు కావలసిన వానికంటె ఎక్కువగా నుండెను. స్టాన్లీ మొదట వానిని కళాశాలకు పంపదలచలేదు. సమీపమునందలి ఉన్నత పాఠశాలలలో గణితము, విజ్ఞానశాస్త్రము మాత్రము పైతరగతులవారితో కలసి చదువుకొననిండని అడిగి చూచెను. ఆ యత్నము ఫలింపలేదు. విధిలేక కళాశాలాధ్యక్షునే ఒప్పించెను. పదుమూడేండ్ల బేట్స్ 1969లో విశ్వవిద్యాలయ విద్యార్థియయ్యెను. పదునేడేండ్లు వచ్చునప్పటికి రెండు పట్టములు పుచ్చుకొని, డాక్టరు పట్టమునకై కార్నెల్ విశ్వవిద్యాలయమునకు వెడలెను.

ఒక్క బాలుడు దొరికినాడు. ఇట్టివారు ఎందరు ఎక్కడెక్కడ ఏ తరగతి గదులలో కిటికీలవైపు చూచుచున్నారో ఎవరికి తెలియును? ఈ ఆలోచనతో స్టాన్లీ 1971లో గణిత ప్రతిభ గల బాలబాలికలను గూర్చి ఒక పరిశోధన ప్రారంభించెను. 1972 మార్చి నెలలో బాల్టిమోరు ప్రాంతమునందలి 450 మంది పిల్లలకు శాట్ పరీక్షలోని గణితభాగమును ఇచ్చెను. వారి వయస్సు పండ్రెండు మొదలు పదునాలుగేండ్ల వరకు. అందలి విషయములు పెక్కు వారికి బడిలో చెప్పినవి కావు.

చెప్పని పాఠములపై పరీక్ష పెట్టుట అన్యాయము కాదా అని మీకు తోపవచ్చును. దీనికి కారణము మన ఇండ్లలోని మానికను చూచినచో తెలియును. మానికలో మానెడు గింజలు పోసినను, కుంచెడు గింజలు పోసినను అది నిండియే కనబడును. పైని పోసినవి నేలపాలగును. ఏడవ తరగతి పరీక్షలో నూటికి తొంబదియెనిమిది తెచ్చుకొన్న ఇద్దరు పిల్లలు మనకు సమానముగనే కనబడుదురు. అందొకడు ఆ పరీక్షకు సరిగా సరిపోవువాడు, రెండవవాడు దానిని ఎన్నడో దాటిపోయినవాడు కావచ్చును. ఆ చిన్న కొలపాత్రతో ఈ భేదము తెలియదు. పెద్ద కొలత తెచ్చినప్పుడు ఒకడు 300 మార్కుల కడ, మరియొకడు 700 మార్కుల కడ నిలుచుట స్టాన్లీ చూచెను. ఆ పరీక్షాభాగమునకు 800 గరిష్ఠము.

ఆయన చేసిన పనిలో నాకు మిక్కిలి నచ్చినది మరియొకటి కలదు. పరీక్ష యనగా పిల్లలను ఎక్కువ తక్కువలుగా వరుసలో నిలబెట్టు సాధనమని మనమందరము భావింతుము. స్టాన్లీ దానిని వైద్యుడు నాడి చూచినట్లు ఉపయోగించెను. బీజగణితము నేర్పవలసిన బాలునికి, ఒక్క పాఠమును చెప్పకముందే, ఆ సంవత్సరాంత పరీక్షను పెట్టుదురు. అందులో నలుబది ప్రశ్నలున్నవనుకొనుడు. బాలుడు ముప్పది రెండింటికి సరియైన జవాబు వ్రాసెను. తప్పిన ఎనిమిదింటిని మరల వానికే ఇచ్చి, కాలనియమము లేకుండ నిదానముగా చేయుమందురు. అప్పుడు మరి రెండు సరియగును. అవి తొందరచే తప్పినవని తేలును. మిగిలిన ఆరింటిలో ఏ విషయము వానికి తెలియలేదో కనుగొని, గురువు దానిని మాత్రమే బోధించును. తరువాత అదే స్థాయిలో వేరొక ప్రశ్నపత్రము నిచ్చి, నేర్చినాడో లేదో చూచును. సంవత్సరకాలపు పాఠము కొన్ని వారములలో ముగియును. ఇందులో వేగిరపాటు లేదు. తెలిసినదానిని మరల చెప్పకుండుట మాత్రమే కలదు. శనివారములందు ఇట్టి తరగతులు నడిపి, కొన్నియేండ్ల గణితమును ఏడాదికి కొంచెము పైగా ముగించిన పిల్లలను ఆ పరిశోధకులు తయారుచేసిరి. 1979లో ఇదే విశ్వవిద్యాలయమున ప్రతిభాన్వేషణమునకై ప్రత్యేక కార్యాలయము నెలకొన్నది. మరుసటి సంవత్సరమున డ్యూక్ విశ్వవిద్యాలయమును ఇట్టి పథకమునే ఆరంభించెను.

బాల్టిమోరులోని బాలుడు శనివారమునాడు తండ్రి కారులో తరగతికి రాగలడు. పట్టణమునకు నూరు మైళ్ల దూరమున, గోధుమ పొలముల నడుమ, పదునైదుగురు పిల్లలున్న చిన్న బడిలో చదువు బాలిక మాటయేమి? ఆ బడిలో ఆమెకు పైగణితము చెప్పగల గురువు లేడు; ఆమెవంటి తోటి విద్యార్థియు లేడు. వేసవి సెలవులలో మూడు వారములు విశ్వవిద్యాలయమున గడుపవచ్చును. తక్కిన నలుబది తొమ్మిది వారములు?

మొదట ఉత్తరములు ఈ లోటును కొంత తీర్చినవి. విద్యార్థి వ్యాసము వ్రాసి తపాలలో పంపగా, గురువు దిద్ది తిరిగి పంపును. ఈ పద్ధతికి ఓర్పు కావలెను. సోమవారమునాడు కలిగిన సందేహమునకు పై వారము గురువారమున జవాబు వచ్చుసరికి, ఆ సందేహమే మరపునకు వచ్చును.

ఇంతలో దేశమున రెండవ కొనయందు, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున, మరియొక ప్రయత్నము జరుగుచుండెను. ప్యాట్రిక్ సప్పీస్ అను తత్త్వశాస్త్రాచార్యుడు 1963లో రిచర్డ్ అట్కిన్‌సన్ అను సహాధ్యాపకునితో కలసి కంప్యూటరుచే పాఠము చెప్పించుటను గూర్చి పరిశోధన ప్రారంభించెను. తత్త్వశాస్త్రజ్ఞునికి కూడికలతో ఏమి పనియని నవ్వినవారును ఉందురు. కాని తర్కమునకు గణితమునకు గల చుట్టరికము తెలిసినవారు నవ్వరు. బడిలో టైపురైటరు వంటి యంత్రమును ఉంచి, దానిని టెలిఫోను తీగతో విశ్వవిద్యాలయమునందలి కంప్యూటరునకు కలిపిరి. యంత్రము ఒక లెక్కను కాగితముపై అచ్చొత్తును. పిల్లవాడు జవాబు కొట్టును. తప్పైనచో యంత్రము అదే లెక్కను మరల అడుగును. సరియైనచో మరి కొంచెము కఠినమైనది ఇచ్చును. 1970వ సంవత్సరము రాకమునుపే కెంటకీ, మిసిసిపీ రాష్ట్రములలోని బడిపిల్లలు వేల మైళ్ల దూరమునందున్న స్టాన్‌ఫర్డ్ కంప్యూటరుతో ఇట్లు లెక్కలు చేసిరి. ఆ కంప్యూటరునకు ఓర్పు మెండు; ఎన్నిమార్లు తప్పు చేసినను విసుగుకొనదు. అయితే, బాలుడు ఏల తప్పు చేసెనో దానికి తెలియదు. సప్పీస్ తరువాతి జీవితమంతయు ఈ లోటును పూరించు యత్నముననే గడచినదని చెప్పవచ్చును.

1990లో ఆయన నాయకత్వమున స్టాన్‌ఫర్డులో ప్రతిభావంతులగు బాలురకు కంప్యూటరు పాఠక్రమములు ఆరంభమైనవి. పాఠములను పళ్లెము వంటి బిళ్లలపై ముద్రించి ఇండ్లకు పంపిరి. సందేహములు తీర్చుటకు టెలిఫోనుపైనను, తరువాత విద్యుల్లేఖల ద్వారాను గురువులు అందుబాటులో నుండిరి. యంత్రము చెప్పగలదానిని యంత్రము చెప్పెను, చెప్పలేనిదానిని మనుష్యుడు చెప్పెను. ఇందుండియే 2006లో ఒక పూర్తి ఉన్నత పాఠశాల ఏర్పడెను. దానికి తరగతి గదులు లేవు, గంట లేదు, ఆటస్థలము లేదు. విద్యార్థులు పలు రాష్ట్రములనుండి, పలు దేశములనుండి ఒకే వేళకు తమ తమ కంప్యూటర్ల ముందు కూర్చుందురు. ఒకరి ముఖములొకరికి తెరపై కనబడును. గురువు ఉపన్యసించుటకంటె చర్చింపజేయుటయే ఎక్కువ. మొదట పై తరగతులకే పరిమితమైన ఆ పాఠశాల తరువాత ఏడవ తరగతివరకు విస్తరించెను. సప్పీస్ 2014లో తన తొంబది రెండవ యేట కన్నుమూసెను.

అంతర్జాలమున నడచు తరగతులన్నియు ఈ రీతిగనే ఉండవు. రిచర్డ్ రుచిక్ అను గణితప్రియుడు విద్యార్థిగా నున్నప్పుడు అమెరికా గణిత ఒలింపియాడులో విజేతయయ్యెను. ఆయన 1993లో స్నేహితునితో కలసి లెక్కలు సాధించు కళను గూర్చి గ్రంథములు ప్రకటించి, 2003లో ఆ పేరిటనే ఒక అంతర్జాల పాఠశాలను స్థాపించెను. ఆ తరగతిలో ముఖము కనబడదు, గొంతు వినబడదు. అంతయు వ్రాతయే. గురువు ప్రశ్న వ్రాయును. పిల్లలు జవాబులు వ్రాసి పంపుదురు. ఆ జవాబులు తిన్నగా అందరికిని కనబడక, మొదట గురువు కడకు చేరును. ఆయన ఏరినవి మాత్రమే తెరపైకి వచ్చును. తడబడినవారికి సహాయకులు విడిగా వ్రాసి తోడ్పడుదురు. ఇది చప్పని పద్ధతియని మొదట తోచును. కాని ఆలోచింపుడు. తరగతిలో వడిగా అరచి చెప్పువాడు ఇతరులకు ఆలోచించు వ్యవధియే లేకుండ చేయును. ఇచట వాని జవాబు గురువుకు చేరును, ఇతరులకు చేరదు. నోరు విప్పుటకు సిగ్గుపడు పిల్లయు వ్రేళ్లతో మాటలాడును.

అట్టి తరగతి ఎట్లు నడచునో తెలియుటకు ఒక లెక్కను తీసికొందము. మీరును కాగితము తెచ్చుకొనుడు. 1 నుండి 1000 వరకు గల సంఖ్యలలో 3 చేత గాని, 5 చేత గాని భాగింపబడునవి ఎన్ని?

పలువురు క్షణములో వ్రాయుదురు: 3 చేత భాగింపబడునవి 333, 5 చేత భాగింపబడునవి 200, మొత్తము 533. గురువు తప్పనడు. "15ను మీరు ఎన్నిమార్లు లెక్కపెట్టితిరి?" అని మాత్రము వ్రాయును. అప్పుడు కదలిక పుట్టును. 15, 30, 45 మొదలగునవి రెండు జాబితాలలోను ఉన్నవి. అట్టివి 66. వానిని ఒకమారు తీసివేయగా 467 వచ్చును. సామాన్యమైన తరగతిలో లెక్క ఇచటితో ముగియును.

ఇచట ముగియదు. గురువు మరియొక చిన్న ప్రశ్న వేయును: ఈ రెండింటిలో దేనిచేతను భాగింపబడనివి ఎన్ని? 1000 నుండి 467 తీసివేయగా 533. వెంటనే ఒక బాలిక వ్రాయును: "ఇది మనము మొదట తప్పుగా చెప్పిన సంఖ్యయే గదా! ఇది కాకతాళీయమా?"

ఈ ప్రశ్న కొరకే అట్టి తరగతులు నడపవలెనని నా అభిప్రాయము. జవాబు చెప్పుట తెలివి. ఎవరును అడుగని ప్రశ్నను అడుగుట అంతకు మించినది. గురువు, "వేరు సంఖ్యలతో చేసి చూడుడు" అనును. 3, 7 తీసికొందురు. 333, 142 కలుపగా 475. దేనిచేతను భాగింపబడనివి 572. కలియలేదు. కావున 3, 5లలో ఏదియో విశేషమున్నది. దానిని వెదకుట ఎట్లు?

1 తప్ప ఉమ్మడి భాజకము లేని రెండు సంఖ్యలను ప, క అనుకొందము. 1000కి బదులు ప, కల లబ్ధము వరకే లెక్కింతము. ప చేత భాగింపబడునవి క సంఖ్యలు. క చేత భాగింపబడునవి ప సంఖ్యలు. ఊరక కలిపినచో ప + క. రెండింటిచేతను భాగింపబడునది చివరి సంఖ్య ఒక్కటే. కావున దేనిచేతను భాగింపబడనివి పక − ప − క + 1. ఈ రెండును సమానమగుటకు పక − 2ప − 2క + 1 = 0 కావలెను. ఇరువైపుల 3 కలిపి చూడుడు. ఎడమవైపు (ప − 2)(క − 2) అగును, కుడివైపు 3 నిలుచును. 3ను రెండు పూర్ణసంఖ్యల లబ్ధముగా వ్రాయుటకు 1, 3 తప్ప వేరు దారి లేదు. కనుక ఒక సంఖ్య 3, రెండవది 5. లోకమున మరి ఏ జంటకును ఈ గుణము లేదు! ఋణసంఖ్యలను తీసికొన్న ఏమగునని మీలో ఒకరు అడుగవచ్చును. అదియు చేసి చూడుడు.

ఒక గంటలో ఆ పిల్లలు చేసిన పని ఇది. దీనికి ఎనిమిదవ తరగతి బీజగణితము చాలును. వేగముగా పై తరగతులకు పోవుట ఒకటి, ఉన్నచోటనే లోతుగా త్రవ్వుట మరియొకటి. ఈ రెండింటిలో ఏది మేలని పండితులు ఇప్పటికిని వాదించుచున్నారు. స్టాన్లీ మొదటిదానివైపు మొగ్గెను. రుచిక్ తరగతులు రెండవదానిని ఎక్కువగా ఆదరించినవి. వారమునకొకసారి ఇచ్చు ఇంటిపనిలో జవాబుతోబాటు దానికి దారితీసిన తర్కమును వాక్యములలో వ్రాయవలెను. గణితములో ప్రథముడైన బాలుడు ఒక వాక్యమును సరిగా వ్రాయలేక ఇక్కడ చతికిలబడుట కలదు. అది వానికి మంచిదే.

అన్ని విషయములలోను ఒకే ఎత్తున నుండు పిల్లలు లేరు. ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరమున 1975లో జన్మించిన టెరెన్స్ టావ్ ఎనిమిదేండ్ల ప్రాయమున శాట్ గణితభాగమున 760 మార్కులు తెచ్చుకొనెను. వానిని మూడున్నరయేండ్లకే బడిలో వేయగా, ఇతర పిల్లలతో కూర్చుండు ఓర్పు ఇంకను రాలేదని తల్లిదండ్రులు కొద్ది వారములకే మాన్పించిరి. ఐదేండ్లు నిండిన పిమ్మట మరల చేర్చిరి. అప్పుడును బడివారు వానిని ఒకే తరగతిలో కట్టివేయక, గణితమునకు పెద్ద తరగతికి, ఇతర విషయములకు చిన్న తరగతులకు పంపిరి. 2006లో ఆయనకు గణితమున మిక్కిలి ఘనమగు ఫీల్డ్స్ పతకము లభించెను. ఆ తల్లిదండ్రులు చూపిన నిదానము అందరికిని ఉండదు. అంతర్జాల పాఠక్రమములలో గొప్ప సౌకర్యమిదియే: బాలుని తన యీడువారినుండి విడదీయకుండగనే, ఒక్క విషయమున మాత్రము ముందునకు తీసికొనిపోవచ్చును. పగలు తోటివారితో బడి, బంతియాట, సాయంకాలము గణితము. బేట్స్‌కు ఇట్టి దారి దొరకియున్నచో, వాడు పదుమూడేండ్లకే కళాశాలకు పోయియుండెడివాడు కాడేమో!

ఇంత చెప్పిన పిమ్మట, ఈ ఏర్పాటులలోని లోపములను చెప్పకుండుట న్యాయము కాదు.

స్టాన్లీ ప్రారంభించిన అన్వేషణమున ఎవరు దొరికిరో చూడుడు. 1980 తరువాతి తొలి సంవత్సరములలో, పదుమూడేండ్లు నిండకముందే శాట్ గణితమున 700 గాని అంతకు మించి గాని పొందినవారిలో పదుమువ్వురు బాలురకు ఒక బాలిక చొప్పున ఉండిరి. ఇది ప్రకృతిసిద్ధమైన భేదమని కొందరు తొందరపడి తీర్మానించిరి. దీనిపై పెద్ద వివాదము చెలరేగెను. పది పండ్రెండేండ్లు గడచునప్పటికి ఆ నిష్పత్తి సుమారు నలుగురికి ఒకరుగా మారెను. ఇంత కొద్దికాలములో మనుష్యుల మెదడు మారదు గదా! మారినవి ఇండ్లు, బడులు, ఆడుపిల్లలకు ఎవరేమి నేర్పవచ్చునను తలంపులు. పరీక్ష అప్పటివరకు లభించిన అవకాశమును కూడ ప్రతిభతోపాటు కొలిచినదని దీనివలన తెలియుచున్నది. బీదవాడకును, మారుమూల పల్లెకును ఇదే వర్తించును. ఆ పరీక్షయొకటి కలదని తెలియనివాడు దానిని వ్రాయడు.

రుసుముల మాటయు ఉన్నది. స్టాన్‌ఫర్డు వారి పాఠశాలలో పూర్తికాలము చదువుటకు ఏటికి ఇరువదివేల డాలర్లకు పైగా వ్యయమగును. సహాయవేతనములు కలవు గాని, అవి అందరికిని రావు. దీనికి ప్రతిక్రియగా కొన్ని పనులు జరుగకపోలేదు. 2011లో న్యూయార్కు నగరమున గణితప్రియులు కొందరు అల్పాదాయ కుటుంబముల పిల్లలకై వేసవి గణిత శిక్షణను ఉచితముగా ఆరంభించిరి. రుచిక్ సంస్థయు పిల్లలు తమంతట అభ్యసించుటకు ఒక లెక్కల భాండారమును ఉచితముగా తెరచి యుంచినది. బాలుడు సరిగా చేయుకొలది అది కఠినమైనవానిని అందించును. దూరదేశస్థులకు డబ్బు ఒక్కటియే అడ్డు కాదు. అమెరికా తూర్పుతీరమున రాత్రి 7:30 గంటలకు ఆరంభమగు తరగతిలో హైదరాబాదునుండి చేరదలచినవాడు శీతకాలమున మరునాటి వేకువ 6 గంటలకును, వేసవిలో 5 గంటలకును లేచి కూర్చుండవలెను. తెల్లవారుజామున చదువుట మన పూర్వుల అలవాటే గనుక, ఇది అంత బాధ కాకపోవచ్చును!

2020లో మహమ్మారి వలన బడులు మూతపడినప్పుడు, పిల్లలందరును తెరముందే చదువవలసి వచ్చెను. ఎందరో దానిని ద్వేషించిరి. తెర ఒక్కటే చాలదని, ప్రశ్నింపగోరు మనస్సు, దానికి బదులు పలుకగల గురువు ఉండవలెనని అప్పుడు అందరికిని తెలిసెను. డ్యూక్ విశ్వవిద్యాలయమువారి నలుబదియేండ్ల పథకము ఆ సంవత్సరముననే మూతపడెను.

తల్లిదండ్రుల ఆరాటము మరియొక చిక్కు. పొరుగువాని కొడుకు చేరినాడని తన కొడుకును చేర్చువారు అన్ని దేశములలోను ఉన్నారు. అమెరికాకు వెళ్లి స్థిరపడిన మనవారిలోను లేకపోలేదు. పిల్లవాడు సాయంకాలము చెట్టెక్కి కూర్చుండగోరునో, లెక్క చేయగోరునో వానినే అడిగి తెలిసికొనుట సులభము. అడుగుట మాత్రము అరుదు.

స్టాన్లీ 2005లో మరణించెను. ఆయన ఆరంభించిన పరిశోధన వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయమున కెమిల్లా బెన్‌బో, డేవిడ్ లుబిన్‌స్కీ అను ఆచార్యుల చేతులలో సాగినది. ఐదువేల మందికి పైగా పిల్లల జీవితములను వారు దశాబ్దములపాటు గమనించిరి. సమాన ప్రతిభగల వారిలో తరగతి దాటింపబడినవారు, దాటింపబడనివారికంటె డాక్టరు పట్టములు గాని, నూతన యంత్రాదులపై హక్కుపత్రములు గాని పొందుట 60 శాతము అధికముగా కనబడినదట. అన్నియు పట్టములతో కొలువదగినవి కావు. అయినను, ముందునకు పోనిచ్చినచో పిల్లలు చెడిపోవుదురను భయమునకు ఇది కొంత సమాధానము.

ఇంతకును తీరని చిక్కు ఒకటి మిగిలియున్నది. ఆరవ తరగతి బాలిక యొకతె ఏడాదిపాటు సాయంకాలములందు శ్రమించి, అంతర్జాలమున బీజగణితమును పూర్తిచేసినదనుకొనుడు. సోమవారమునాడు ఆమె తన బడికి పోవును. అచట ఉపాధ్యాయుడు భిన్నముల కూడిక చెప్పుచుండును. కొన్ని బడులు ఆమెకు పరీక్ష పెట్టి పై తరగతికి పంపును. కొన్ని, ఆ గంటలో గ్రంథాలయమున కూర్చుండి చదువుకొనుమనును. మరి కొన్ని, బయట నేర్చినది మాకు లెక్కకు రాదు, మా బడిలో మరల మొదటినుండి చదువుమనును. పంపదలచిన బడికిని ఒక అడ్డంకి కలదు. ఆమెకు తగిన గణితము చెప్పు ఉన్నత పాఠశాల వేరొక వీధిలో, వేరొక భవనమున ఉండును; అచ్చటి గణితపు గంటకు ఈ బడినుండి బస్సు లేదు.